మిర్చి ఎరుపును ఉన్నది ఉన్నట్టు చూపే టార్చి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

కోల్డ్ స్టోరేజీలో సరుకు చూసే పని నీకు అప్పగించారనీ, మంచి టార్చి కొనుక్కోవాలనుకుంటున్నావనీ మీ నాన్న చెప్పాడు. దుకాణంలో ముందుగా ఎన్ని ల్యూమెన్లో, అంటే వెలుగు ఎంతో చెబుతారు. నువ్వు మాత్రం అది చివర్లో అడుగు. మిర్చి తేజ రకమైనా 334 రకమైనా మన గుంటూరు యార్డులో రంగు చూసి ధర కట్టే సరుకు. చూపించే వెలుగులోనే తేడా ఉంటే టిక్కీకి, అంటే మిర్చి బస్తాకు, నువ్వు వేసే ధరలోనూ తేడా వస్తుంది.

తెల్ల ఎల్‌ఈడీ లోపలి చిప్ ఇచ్చేది నిజానికి నీలి కాంతి, సుమారు 450 నానోమీటర్లది. పైన పూసిన ఫాస్ఫర్ అందులో కొంత పీల్చుకుని పసుపు కాంతిగా మారుస్తుంది. రెండూ కలిస్తే కంటికి తెలుపు. 1996లో జపాన్‌కు చెందిన నిచియా కంపెనీ అమ్మకానికి తెచ్చిన తెల్ల ఎల్‌ఈడీ ఇదే పద్ధతిలో చేసింది. ఈ కలయికలో ముదురు ఎరుపు చాలా తక్కువ. తన మీద పడని ఎరుపును కాయ ఎక్కడి నుంచి తెచ్చి చూపుతుంది? అందుకే చవక టార్చి కింద నిగనిగలాడే తేజ కూడా గోధుమ రంగుకు తిరిగి పాత సరుకులా కనిపిస్తుంది, రైతు నష్టపోతాడు.

డబ్బా మీద వెలుగు నీలి వైపో పసుపు వైపో చెప్పే కెల్విన్ సంఖ్య ఉంటుంది. 6500 అంటే నీలి వైపు, 2700 అంటే పాత బల్బు పసుపు. నీకు 4000 నుంచి 5000 మధ్యది సరిపోతుంది. అయితే 5000 అని రాసిన రెండు టార్చీల్లో ఒకటి ఆకుపచ్చగా, ఇంకొకటి గులాబీగా వెలగవచ్చు. ఆ ఛాయను కెల్విన్ సంఖ్య చెప్పదు, కంటితోనే పట్టుకోవాలి. ఆకుపచ్చ ఛాయ ఉన్నదాన్ని ముట్టుకోవద్దు. గులాబీ ఛాయ ముచ్చటగా ఉంటుంది, టార్చీల మీద మోజున్నవాళ్లు ఏరికోరి కొంటారు. కానీ అదీ, బాగా పసుపుగా వెలిగేదీ వెలిసిన కాయకు లేని ఎరుపు పులుముతాయి. అప్పుడు నష్టం నీ షావుకారుది.

వెలుగు రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే సంఖ్య సీఆర్‌ఐ, అది 90 దాటినది అడుగు. ముదురు ఎరుపును ఎంత బాగా చూపుతుందో చెప్పే ఆర్9 ఎంతో కూడా విడిగా అడుగు, ఇది ముఖ్యం. మామూలుగా చెప్పే సీఆర్‌ఐ 8 లేత రంగుల సగటు మాత్రమే, ముదురు ఎరుపు అందులో లేదు. సీఆర్‌ఐ 80 ఉన్న దీపానికి ఆర్9 సున్నా దగ్గర ఉండటం మామూలే. ఆర్9 బాగున్న టార్చి అదే బ్యాటరీతో కాస్త తక్కువ వెలుగు ఇస్తుంది. పరవాలేదు, నువ్వు చూసేది చేతిలోని కాయను.

దుకాణానికి తెల్ల కాగితం, గుప్పెడు కాయలు తీసుకెళ్లు. వాటిలో రెండు తాలు కాయలు, అంటే రంగు వెలిసినవి, ఉండాలి. ముందు బయట పగటి వెలుతురులో చూసుకుని, తర్వాత లోపల రెండు మూడు టార్చీలు పక్కపక్కనే కాగితం మీద వేసి చూడు. ఒక్కటే వేస్తే కాసేపటికి కన్ను దానికి అలవాటుపడి అదే తెలుపు అనుకుంటుంది. ఫోనులో ఫొటో తీసి పోల్చవద్దు, కెమెరా తెలుపును తనంతట తానే సరిచేస్తుంది. వెలుగు తగ్గించి కూడా చూడు. చాలా ఎల్‌ఈడీలు తక్కువ కరెంటు దగ్గర ఆకుపచ్చకు తిరుగుతాయి, నువ్వు ఎక్కువగా వాడేది ఆ వెలుగే. మధ్యలో నీలంగా, అంచున పసుపుగా పడేదీ వద్దు. రిఫ్లెక్టరు నారింజ తొక్కలా గరుకుగా ఉంటే ఆ తేడా చాలావరకు కలిసిపోతుంది.

ఎంత మంచిది కొన్నా, బేరం ఖాయం చేసే ముందు టిక్కీలోంచి గుప్పెడు కాయలు బయటికి తెచ్చి ఆకాశం కింద ఒకసారి చూడు. రాత్రి వేళైతే తెల్లవారేదాకా ఆగుదామని షావుకారుకు చెప్పు, మొహమాటపడకు. ఇప్పుడున్న టార్చి పారేయకు, లారీ తాళ్లు బిగించారో లేదో చూసుకోవడానికి అది చాలు.

మీ పెదనాన్న