అల్లుడూ, ట్రాక్టర్ సంగతి ఆఖర్న చూద్దాం

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన రెండు ట్రాక్టర్ కొటేషన్లూ చూశాను. ఒకటి 50 హెచ్‌పీ, ఇంకొకటి 55. రెండూ ఫోర్ వీల్ డ్రైవే. వాటికి తోడు ఎండుగడ్డిని కట్టలు కట్టే బేలర్, రోటావేటర్, ట్రాలీ, అన్నీ కలిపి ప్యాకేజీ అట. అమ్మేవాడు తన అమ్మకం చూసుకుంటాడు, అతన్ని ఏమీ అనను. కానీ దొడ్డబళ్లాపురం దగ్గర నీకున్నది 6 ఎకరాలు. అందులో 4 ఎకరాలు గడ్డికి వదులుతానంటున్నావు, ఆవులు 6. ఈ మాత్రానికి ఆ ప్యాకేజీ అంటే పెళ్లి వంటకు తెచ్చిన గుండిగలో ఇద్దరికి అన్నం వండుకున్నట్టే.

ముందు నీకు ఎంత ఎండుగడ్డి కావాలో తేల్చుకో. పచ్చిమేత, దాణా పెడుతూ పైన ఎండుగడ్డి వేస్తే ఒక్కో ఆవుకు రోజుకు 5 కిలోలు వేసుకో. 6 ఆవులకు ఏడాదికి దాదాపు 11 టన్నులు అవుతుంది. నీళ్లు పెట్టిన 4 ఎకరాల్లో కోతకు ఎకరానికి ఒక టన్ను ఎండుగడ్డి వచ్చిందనుకుందాం. మూడు కోతలు సరిగ్గా ఎండబెట్టుకుంటే 12 టన్నులు. అంటే ఏడాదిలో మూడు వారాలు జాగ్రత్తగా పనిచేస్తే నీ పశువులకు సరిపోతుంది. ఏ మిషను కొన్నా ఈ మూడు వారాల కోసమే కొంటున్నావని గుర్తుపెట్టుకో.

గడ్డి విషయంలో ఒక మాట. సూపర్ నేపియర్ వేయమని నీకు చాలామంది చెప్తారు. పచ్చిగా నరికి వేయడానికి, సైలేజీకి, అంటే గాలి తగలకుండా పాతర వేసి ఊరబెట్టే మేతకు, అది బంగారమే. కానీ ఆ లావు కాండం ఎండబెట్టడానికి పనికిరాదు. ఆకు పొడిపొడి అయిపోయినా కాండం లోపల తడి అలాగే ఉంటుంది. ఎండుగడ్డికి కాండం సన్నగా ఉండాలి. అందుకే నువ్వు అనుకుంటున్న రోడ్స్ గడ్డి సరైనదే. విత్తాక మొదటి కోతకు రెండు, రెండున్నర నెలలు పడుతుంది, ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలకు ఒక కోత. కంకి అప్పుడే తొంగిచూస్తున్నప్పుడు కోసెయ్. ఇంకో పది రోజులు ఆగితే మోపు పెరుగుతుందనిపిస్తుంది. పెరిగేది పీచు, పాలు కాదు.

బెంగళూరు చుట్టుపక్కల ఎక్కువ వాన సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో పడుతుంది. మే నెలలో ఇంకో విడత. ఆ రోజుల్లో కోసింది పచ్చిగా వెయ్యి, లేదా సైలేజీ పెట్టు. ఎండుగడ్డి జోలికి పోకు. నీ మూడు కోతలూ డిసెంబర్ నుంచి ఏప్రిల్ లోపు రావాలి. డిసెంబర్‌లో కూడా చెన్నై దగ్గర వాయుగుండం అన్నారంటే మనకు రెండు మూడు రోజులు ముసురు పడుతుంది, కాబట్టి వాతావరణ శాఖ వాళ్ల సూచన చూడకుండా కోతకు దిగొద్దు. 80 శాతం తేమ ఉన్న పచ్చిగడ్డి 100 కిలోలు కోస్తే, 15 శాతానికి ఎండేసరికి చేతికి వచ్చేది 24 కిలోలు. మిగతా 76 కిలోల నీళ్లు రెండు మూడు రోజుల్లో గాలిలో కలవాలి. మిషన్లన్నీ ఆ నీళ్లను తొందరగా పంపించడానికే ఉన్నాయి.

ఇక కోత. మీ అత్త అయితే నలుగురు కూలీలను పెట్టి కొడవళ్లతో కోయించమంటుంది. మనుషులు దొరికితే ఆమె మాటే రైటు. కానీ నీ ఊరి నుంచి పొద్దున్నే బస్సులు అపారెల్ పార్క్‌కు పోతుంటే కొడవలి పట్టేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? ఒక ఎకరమే అయితే చేత్తో పట్టుకుని కోసే బ్రష్ కట్టర్ చాలు. 4 ఎకరాలకు ట్రాక్టర్‌కు తగిలించే గడ్డి కోత మిషను, అంటే మోవర్, కావాలి.

మోవర్ పేరుతో నీకు స్లాషర్ చూపిస్తారు, తీసుకోకు. అది గడ్డిని ముక్కలు ముక్కలు చేసి చెల్లాచెదురుగా పడేస్తుంది, తర్వాత పోగు చేయలేవు. నువ్వు చూడాల్సినవి రెండే. ఒకటి సికిల్ బార్. వరసగా ఉన్న పళ్ల మధ్య కత్తి అటూ ఇటూ ఆడుతూ గడ్డిని మొదట్లో కోసి పడుకోబెడుతుంది. తేలిక, ధర తక్కువ, 20 హెచ్‌పీ ట్రాక్టర్ కూడా లాగుతుంది. కాకపోతే గాలికి పడిపోయిన గడ్డిలోనూ తడి గడ్డిలోనూ ఇరుక్కుంటుంది, కత్తి పదును రోజూ చూసుకోవాలి, ఒక్క రాయి తగిలితే పన్ను విరుగుతుంది. రెండోది డ్రమ్ మోవర్. రెండు డ్రమ్ములు ఎదురెదురుగా తిరుగుతాయి, వాటి అంచున చిన్న బ్లేళ్లు వదులుగా వేలాడుతుంటాయి. రాయి తగిలితే బ్లేడు వెనక్కి మడుచుకుంటుంది. ఎంత దట్టమైన గడ్డైనా ఆగదు, పైగా కోసిన గడ్డిని వరసగా పేరుస్తుంది. బరువు మాత్రం ఎక్కువ, కాబట్టి చిన్న ట్రాక్టర్ వెనక తగిలిస్తే ముందు చక్రాలు తేలిపోతాయి. నీ చేలో గుండ్లు ఉన్నాయి కదా, నేనైతే డ్రమ్మే తీసుకుంటాను, చిన్న సైజుది. అది తిరుగుతున్నప్పుడు రాళ్లు విసురుతుంది. పక్కనున్న రెగ్జిన్ తెర చినిగితే అదే రోజు మార్చు, చుట్టుపక్కల మనిషినీ కుక్కనూ రానివ్వకు.

ఏ మోవర్ అయినా కోత మూడంగుళాల ఎత్తులో ఉండాలి. మోడు అంత ఉంటే గడ్డి దాని మీద ఆని కింద నుంచి గాలి ఆడుతుంది, మళ్లీ చిగురూ తొందరగా వస్తుంది. నేలకు ఆనించి కోస్తే గడ్డితోపాటు మట్టీ వస్తుంది.

కోసిన గడ్డిని తిరగేయడానికి, వరస కట్టడానికి నాలుగు చక్రాల ఫింగర్ వీల్ రేక్ చాలు. దానికి పీటీఓ (ట్రాక్టర్ వెనక తిరుగుతూ మిషన్లను నడిపే షాఫ్టు) కూడా అక్కర్లేదు, నేల మీద దొర్లుతూనే పని చేస్తుంది. ముళ్లు నేలను గీకకుండా పైకి సర్దుకో. రోడ్డు మీద వేసి బళ్లు తొక్కించిన రాగి గడ్డి తెచ్చి చూడు, దులిపితే ఎంత ఇసుక రాలుతుందో. నీ గడ్డి అలా ఉండకూడదు. వరస వెడల్పు బేలర్ నోటికి సరిపోయేలా, రెండు వైపులా సమానంగా కట్టు. ఒక పక్కే ఎక్కువైతే కట్ట వంకరగా వస్తుంది.

బేలర్ కొనొద్దు. చిన్న రౌండ్ బేలర్ మూడు నాలుగు లక్షలు. నీ కోతకు 4 టన్నులంటే 20 కిలోల కట్టలు 200. గంటకు 40 కట్టల లెక్కన 5 గంటల పని. మూడు కోతలకు 15 గంటలు. మిగతా సంవత్సరమంతా దానికి ఎలుకలు కాపలా. మిషన్లు అద్దెకిచ్చే కృషి యంత్ర ధారె కేంద్రంలో అడుగు, లేదంటే రాగి కోతల తర్వాత గడ్డి కట్టడానికి ఊళ్లు తిరిగే బేలర్ల వాళ్లతో ముందే మాట్లాడుకో. కట్టకు ఇంత అని తీసుకుంటారు. ఫిబ్రవరిలో వాళ్లకు రాగి పని తగ్గుతుంది, నీ చిన్న పనికి కూడా వస్తారు. వాళ్లు వాడే దారం చూడు. జనపనార అయితే మంచిది. ప్లాస్టిక్ దారం అయితే కట్ట విప్పినప్పుడు ముక్క కూడా మిగలకుండా ఏరాలి, ఆవు కడుపులోకి పోతే బయటికి రాదు. పక్కనున్న నలుగురు రైతులు కలిసి వస్తామంటే అప్పుడు బేలర్ గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

ఇప్పుడు ట్రాక్టర్. డ్రమ్ మోవర్ తిప్పడానికి, రేపు బేలర్ తెచ్చినా నడపడానికి 40 హెచ్‌పీ నీకు బాగా సరిపోతుంది. టూ వీల్ డ్రైవ్ చాలు, నీ భూమి చదునే, పని వానల్లేని రోజుల్లోనే. అయితే ఆ 40 ఇంజన్‌ది. పీటీఓ దగ్గర చేతికొచ్చేది 34, 35. మిషన్ల వాళ్లు అడిగేది ఆ రెండో లెక్క, షోరూమ్‌లో చెప్పేది మొదటి లెక్క. కాగితం మీద పీటీఓ హెచ్‌పీ రాయించుకో.

అన్నిటికన్నా ముఖ్యం క్లచ్చి. దీని గురించి ఎవరూ నీకు చెప్పలేదని నీ మెసేజ్ చూస్తేనే తెలుస్తోంది. సింగిల్ క్లచ్ బండిలో పెడల్ తొక్కితే చక్రాలతోపాటు పీటీఓ కూడా ఆగిపోతుంది. బేలర్‌తో పోతున్నప్పుడు వరసలో దట్టమైన పోగు వచ్చిందనుకో, బండి ఆపాలి, బేలర్ మాత్రం తిరుగుతూ ఆ గడ్డిని మింగాలి. సింగిల్ క్లచ్‌తో అది కుదరదు, ప్రతిసారీ నోరు మూసుకుపోతుంది. డ్యూయల్ క్లచ్ అయితే పెడల్ సగం తొక్కితే చక్రాలు ఆగుతాయి, పూర్తిగా తొక్కితే పీటీఓ ఆగుతుంది. ఇండిపెండెంట్ పీటీఓ అయితే ఇంకా సుఖం, దానికి విడిగా లివరే ఉంటుంది. బ్రోచర్ నమ్మకు. వెనక ఏమీ తగిలించకుండా పీటీఓ వేయించి, బండి మెల్లగా కదులుతుండగా సగం పెడల్ తొక్కమను. నువ్వు పక్కకు జరిగి నిలబడి చూడు. చక్రాలు ఆగి షాఫ్టు తిరుగుతుంటేనే ముందుకు మాట్లాడు.

దాని తర్వాత చూడాల్సింది నిదానం గేర్లు. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతున్నప్పుడు బండి గంటకు 3, 4 కిలోమీటర్ల వేగంతో నడిచే గేరు ఉండాలి. బండి పొట్ట కింద నుంచి గడ్డి వరస రాసుకోకుండా పోవాలి, మినీ ట్రాక్టర్లతో ఇబ్బంది ఇక్కడే. వెనక హైడ్రాలిక్ ఆయిల్ పాయింటు ఒకటైనా ఉండాలి, చాలా రౌండ్ బేలర్లకు వెనక తలుపు తెరుచుకునేది ఆ ఆయిల్‌తోనే. ఏ కంపెనీ అని అడిగావు. నీ ఊరికి దగ్గరలో ఏ మెకానిక్ ఉన్నాడో, అతను ఏ బండి విప్పడం అలవాటు చేసుకున్నాడో, ఆ కంపెనీ. బేరింగులు, సీళ్ల లాంటి మామూలు సామాను జేసీ రోడ్డులో దొరుకుతుంది కానీ కోత మధ్యలో బండి ఆగితే నువ్వు సిటీకి వెళ్లొచ్చేసరికి గడ్డి మీద మంచు పడుతుంది.

కొత్తదే కావాలంటే, 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. గడ్డి కోసే మిషన్లకూ, బేలర్లకూ అంతే. నీ కొటేషన్‌లో పన్ను విడిగా చూపించలేదు, అడుగు. సబ్సిడీ కోసం పహణీ, ఫ్రూట్స్ నంబరు (రైతుగా నీ గుర్తింపు నంబరు) పట్టుకుని రైత సంపర్క కేంద్రానికి వెళ్లు. మంజూరు చేతికొచ్చాకే కొను.

నా మనసులో మాట అడిగితే పాత బండి కొనమంటాను. 2020లో కర్ణాటక భూ సంస్కరణల చట్టం మార్చాక నీలాంటి ఐటీ వాళ్లు చాలామంది ఈ పక్క భూములు కొన్నారు, సరదాగా ట్రాక్టర్లూ కొన్నారు. రెండేళ్లకే సరదా తీరింది. ఆ బళ్లు షెడ్లలో రంగు పోకుండా నిలబడి ఉన్నాయి, మీటరులో వంద గంటలు కూడా ఉండవు. బ్యాటరీ పోయుంటుంది, రబ్బరు సీళ్లు ఎండిపోయుంటాయి, ట్యాంకులో డీజిల్ పాతబడుంటుంది. అవన్నీ మార్చుకున్నా నీకు లాభమే. బ్యాంకు లోను తీరిందని కాగితం, ఆర్‌సీ సరిచూసుకో. వెనక మిషన్లను ఎత్తే లిఫ్టు మీద బరువు పెట్టి ఎత్తి ఇంజన్ ఆపించు. మనం కాఫీ తాగి వచ్చేసరికి అది కిందికి దిగుంటే లోపల సీలు పోయినట్టు.

ఇది మాత్రం రెండుసార్లు చదువు. తిరిగే పీటీఓ షాఫ్టు దగ్గరికి కండువాతో, లుంగీతో పోవద్దు. షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగు లేకుండా ఏ మిషనూ నడపొద్దు, అద్దెకు వచ్చిన బేలర్‌దైనా సరే. గడ్డి ఇరుక్కుంటే ముందు ఇంజన్ ఆపు, తాళం చెవి జేబులో వేసుకో, తర్వాత చెయ్యి పెట్టు. బేలర్ గడ్డిని లాగే వేగం మనం చెయ్యి వదిలే వేగం కన్నా ఎక్కువ.

కట్టే ముందు తేమ చూడటానికి ఒక చిన్న పని చెయ్. పొడి గాజు సీసాలో కత్తిరించిన గడ్డి గుప్పెడు, బాగా ఎండబెట్టిన ఉప్పు రెండు చెంచాలు వేసి మూత పెట్టి రెండు నిమిషాలు కుదుపు. ఉప్పు పలుకుపలుకుగా ఉంటే కట్టేయొచ్చు. ముద్దకడితే ఇంకో పూట ఎండనివ్వు. డిసెంబర్, జనవరిలో పొద్దున మంచు ఆరేదాకా అసలు మొదలుపెట్టకు. తడిగా కట్టిన కట్టలు బూజు పడతాయి, లోపల వేడెక్కి ఒక్కోసారి అంటుకుంటాయి కూడా. మొదటి రెండు వారాలు వామిలోకి ఇనుప చువ్వ గుచ్చి కాసేపటికి తీసి పట్టుకుని చూడు. చెయ్యి కాలితే వామి వెంటనే విప్పెయ్యాలి. కట్టలు నేల మీద కాకుండా కొయ్యల మీద పేర్చు, గోడకు ఆనించకు.

శనివారం పొద్దున్నే హొసకోట నుంచి బయలుదేరి వస్తాను. రాజానుకుంటె దగ్గర అమ్మకానికి ఉందన్న ఆ 42 హెచ్‌పీ బండి ఓనరుకు ఫోన్ చేసి, మనం వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దని చెప్పు. చల్లగా ఉన్నప్పుడు ఎలా అందుకుంటుందో, పొగ ఏ రంగులో వస్తుందో చూడాలి.

ఇట్లు,
మీ మామ