రెండు కంపెనీల పద్ధతులు పొసగుతాయో లేదో ముందే ఎలా తెలుస్తుంది?

మీ కంపెనీలో ఇంకో కంపెనీ విలీనం కాబోతోందని, లెక్కలు కుదిరినా మనుషులు కలుస్తారో లేదో తేల్చే పని మీ మీద పడిందని, సర్వే చేస్తే రెండు చోట్లా ఒకేలాంటి జవాబులు వచ్చాయని రాశారు. దయచేసి ఆ సర్వేను నమ్ముకోకండి. ‘నాణ్యతే మా ప్రాణం’ అని ఎవరైనా రాస్తారు.

నిర్ణయాలు ఎలా జరుగుతున్నాయో చూడండి. రెండు చోట్లా ఈమధ్య జరిగిన ఒకే రకం నిర్ణయాలు ఓ అయిదారు తీసుకోండి: డిస్కౌంట్ ఇవ్వడం, ఉద్యోగంలోకి తీసుకోవడం, ప్రాజెక్టు ఆపేయడం. ఎన్ని రోజులు పట్టింది? కాదన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, తర్వాత వాళ్లకేమైంది? (ఈ చివరి ప్రశ్న అస్సలు వదలొద్దు.) మేం చూసినప్పుడు ఒకచోట సేల్స్ మనిషి ఫోన్లోనే డిస్కౌంట్ ఒప్పేసుకున్నాడు. రెండోచోట అదే పనికి నాలుగు సంతకాలు, పదకొండు రోజులు. సర్వేలో మాత్రం ఇద్దరూ ‘మాది వేగం’ అనే రాశారు.

జీతాల తేడా కూడా చూడండి. 1998లో జర్మనీ కార్ల కంపెనీ డైమ్లర్-బెంజ్, అమెరికా కార్ల కంపెనీ క్రైస్లర్ ‘సమానుల కలయిక’ అంటూ ఒకటయ్యాయి. క్రైస్లర్ పెద్దల జీతాలు జర్మనీ వాళ్లకంటే చాలా ఎక్కువ, పని తీరూ వేరు. వేరే కారణాలూ తోడై, 2007లో క్రైస్లర్‌లో 80.1 శాతం వాటా అమ్మేశారు.

తేడాలు కనిపిస్తే కంగారు పడకండి. ఏది అలాగే ఉండాలో, ఏది ఎవరి పద్ధతిలోకి మారాలో ఒప్పందానికి ముందే రాయించుకోండి. ముందుగా మధ్యస్థాయి మేనేజర్లతో, వాళ్ల బాస్ లేకుండా, విడివిడిగా మాట్లాడండి.