భయపడితే విశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. మా వారికి మూత్రపిండాలు పాడై, వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాము. ఆయనను లోపలికి తీసుకువెళ్ళాక, బయట బల్ల మీద కూర్చున్న ఆ నాలుగు గంటలూ గుండె దడగానే ఉంటుంది; ప్రార్థన చేద్దామన్నా మాట రాదు. సంఘంలో చెప్పుకుంటే, "దేవుడు పిరికితనముగల ఆత్మ నియ్యలేదు, నీకు విశ్వాసం చాలదు" అన్నారు. అప్పటి నుండి ఎవరితోనూ చెప్పుకోవడం లేదు. నాకు ధైర్యం ఎలా వస్తుంది?
– ఒక సోదరి

జవాబు: సోదరీ, మీకు వినిపించిన వాక్యం తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక 1వ అధ్యాయం 7వ వచనంలోనిది. వాక్యం సత్యమే గాని, దానిని మీ మీద నేరంగా మోపడం న్యాయం కాదు. మూడు వచనాలు వెనక్కి వెళ్ళి చదవండి. "నీ కన్నీళ్లను తలచుకొని" నిన్ను చూడాలని ఆశపడుతున్నానని అపొస్తలుడైన పౌలు తన శిష్యుడైన తిమోతికి వ్రాశాడు. ఆ కన్నీళ్ళ కోసం ఆయనను గద్దించకపోగా, నీలో ఉన్నది నిష్కపటమైన విశ్వాసమని ఆ వెంటనే సాక్ష్యమిచ్చాడు.

పౌలు తన భయాన్ని కూడా దాచుకోలేదు. మాసిదోనియకు వచ్చినప్పుడు తనకు "వెలుపట పోరాటములు, లోపట భయములు" ఉన్నాయని కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 7వ అధ్యాయంలో చెప్పుకున్నాడు. అప్పుడు దేవుడు ఆయనను ఆదరించింది దర్శనంతోనో దేవదూతతోనో కాదు, తోటి సేవకుడైన తీతును పంపించి. దేవుడు తీతు రాకవలన మమ్మును ఆదరించెనని పౌలే వ్రాశాడు. అందుకే, మీరు ఎవరితోనూ చెప్పుకోవడం మానేశారన్న మాట మీ భయం కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. నొప్పించినవారి దగ్గరకే మళ్ళీ వెళ్ళనవసరం లేదు. స్త్రీల కూటంలో నెమ్మదిగా వినే ఒక అక్కను ఎంచుకొని, వచ్చే డయాలసిస్ రోజున నాతో వచ్చి ఆ బల్ల మీద కూర్చోగలవా అని నోరు తెరిచి అడగండి.

అలా అడగడం అల్పవిశ్వాసం కాదు. పిరికితనం గురించి వ్రాసిన ఆ పత్రికలోనే, తాను ఈ లోకం విడిచి వెళ్ళిపోయే కాలం దగ్గరపడిందని తెలిసిన పౌలు, శీతకాలం రాకముందే రమ్మనీ, త్రోయ పట్టణంలో కర్పు అనే ఆయన దగ్గర ఉంచివచ్చిన అంగీని తెమ్మనీ తిమోతిని బతిమాలుకున్నాడు. చలికి అంగీ కావాలనీ, పక్కన మనిషి కావాలనీ అడిగిన ఆ చెయ్యే "మంచి పోరాటము పోరాడితిని" అని కూడా వ్రాసింది.

మాట రానప్పుడు 56వ కీర్తన 3వ వచనం చాలు: "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." లోపల ఆయన పడుకొని ఉండగా, బయట మీరు ఈ ఒక్క మాటను ఊపిరితో పాటు మెల్లగా అనుకుంటూ ఉండండి. భయం పోయాక చేయవలసిన ప్రార్థన కాదిది, భయంలో ఉండగానే చేసేది.

మీరు అడగకపోయినా ఒక మాట గట్టిగా చెప్పాలి. విశ్వాసముంటే డయాలసిస్ ఆపేయమని ఎవరైనా అంటే, దయచేసి వినకండి. ఆపితే ప్రాణానికే ముప్పు. "లూకా మాత్రమే నా యొద్ద ఉన్నాడు" అని పౌలు వ్రాసిందీ ఈ పత్రికలోనే. ఆ లూకా వైద్యుడు. మీకు కూడా నిద్ర, ఆకలి తప్పి చాలా రోజులైతే, మీ వారిని చూసే డాక్టరుగారికే ఆ సంగతి చెప్పండి.