సగటు వడ్డీ 11 శాతం దాటిందా? ఏ సమాచారం చాలు?

ప్రశ్న ఇది: పర్లాకిమిడిలో ఒక బట్టల వ్యాపారి ఒకచోట 8 శాతానికి, మరోచోట 14 శాతానికి ఏడాది అప్పు తెచ్చాడు. సగటు వడ్డీ 11 శాతం దాటిందా?
జవాబు చెప్పడానికి కింది ప్రకటనల్లో ఏదో ఒకటి చాలా, రెండూ కావాలా?
ప్రకటన 1: మొత్తం అప్పు 90,000 రూపాయలు.
ప్రకటన 2: 14 శాతం అప్పు 8 శాతం అప్పుకన్నా 30,000 ఎక్కువ.

రెండో ప్రకటన ఒక్కటే చాలు.

8కీ 14కీ సరిగ్గా నడుమ ఉన్నది 11. అప్పులు సమానమైతే సగటు అక్కడే నిలుస్తుంది. లేదంటే తక్కెడలాగా, సొమ్ము ఎక్కువున్న వైపు మొగ్గుతుంది. బరువు 14 వైపే ఉందని రెండో ప్రకటన చెప్పేసింది. ఎంత బరువన్నది మనకు అనవసరం. మొదటిది మొత్తం చెబుతుంది, పంపకం చెప్పదు.

చాలామంది జారేది ఇక్కడే. రెండూ కలిపితే అప్పులు 30,000, 60,000 అని తేలతాయి. వడ్డీలు 2,400, 8,400. మొత్తం 10,800, అంటే 12 శాతం. మా బజారు లెక్కలో నూటికి నెలకు రూపాయి వడ్డీ! ఇంత చక్కగా కుదిరేసరికి మురిసిపోయి ‘రెండూ కావాలి’ అని గుర్తు పెట్టేస్తారు. ‘సగటు ఎంత?’ అని అడిగి ఉంటే అదే సరైన జవాబు. ఇక్కడ అడిగింది ‘దాటిందా?’ అని.