తొమ్మిదేళ్ల బాబుకి, పద్నాలుగేళ్ల అమ్మాయికి కొత్త పుస్తకాలు ఏవి ఇవ్వాలి?

బాబుకి తొమ్మిది, అమ్మాయికి పద్నాలుగు, ఇద్దరికీ ఈమధ్య వచ్చిన పుస్తకాల పేర్లు చెప్పమని అడిగారు. పేర్ల జాబితా ఇవ్వడం లేదు. వయసు ఒక్కటే చూసి రాసిన జాబితా పట్టుకుని కొంటే చాలా పుస్తకాలు అట్ట నలగకుండా అలమారలో ఉండిపోతాయి. ముందు ఒక్క సంగతి కనుక్కోండి: ఎవరూ చదవమనకపోయినా తనంతట తాను చివరిదాకా చదివిన ఆఖరి పుస్తకం ఏది? బడివాళ్లు చదివించింది లెక్కలోకి రాదు.

ఆ పుస్తకం తెచ్చుకుని మూడు విషయాలు చూడండి. ఎన్ని పేజీలు, ఏ రకం కథ (నవ్వించేదా, భయపెట్టేదా, గుట్టు విప్పేదా), బొమ్మలెన్ని. కొత్తగా కొనేది ఈ మూడింట్లో ఒక్కదాంట్లోనే తేడాగా ఉండాలి. 120 పేజీల బొమ్మల హాస్య కథ చదివిన పిల్లాడికి 180 పేజీల బొమ్మల హాస్య కథ ఇవ్వొచ్చు, లేదా అదే 120 పేజీల్లో బొమ్మలున్న డిటెక్టివ్ కథ ఇవ్వొచ్చు. బొమ్మల్లేని 250 పేజీల చారిత్రక నవల ఇస్తే ఇరవయ్యో పేజీ దగ్గర ఆగిపోతాడు. తప్పు వాడిది కాదు, మూడూ ఒక్కసారే మార్చాం.

బాబు స్థాయి చూడ్డానికి అయిదు వేళ్ల పద్ధతి చాలు. మొదటి పేజీ వద్దు. రచయితా సంపాదకుడూ అందరికంటే ఎక్కువ చెక్కేది దాన్నే. మధ్యలో ఎక్కడో తెరిచి, నిండుగా అక్షరాలున్న పేజీ పైకి చదవమనండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవాలి. మనుషుల పేర్లూ ఊళ్ల పేర్లూ లెక్కపెట్టొద్దు. సున్నా, ఒకటి అయితే తేలిక. రెండు, మూడు అయితే సరిపోయింది. నాలుగైతే మీరు పక్కన కూర్చోవాలి. అయిదైతే ఇప్పటికి పక్కన పెట్టండి. దీనికో లోపముంది. ఇది మాటల్ని కొలుస్తుంది గానీ ఇష్టాన్ని కొలవదు. రాక్షసబల్లుల పిచ్చి ఉన్న పిల్లాడు పెద్దలకే నోరు తిరగని పేర్లు గడగడా చదివేస్తాడు, వాడికి అయిదు వేళ్లు మడిచినా ఇచ్చేయొచ్చు.

ఏ భాషకి ఆ భాషలో విడిగా చూడాలి. ఇంగ్లీషులో నవల చదివే పిల్లలు తెలుగులో ఒత్తుల దగ్గర, పొడుగు సమాసాల దగ్గర తడబడటం మామూలే. అలాంటప్పుడు తెలుగులో చిన్నపిల్లల కథలు ఇస్తే నామోషీగా ఉంటుంది. విషయం వయసుకి తగ్గదీ, వాక్యం చిన్నదీ కావాలి. కామిక్స్, బొమ్మ కింద రెండు మూడు వాక్యాలుండే సైన్సు పుస్తకాలు ఇక్కడ బాగా పనికొస్తాయి. అనువాదమైతే ఒక సంభాషణ పైకి చదివి చూడండి. పిల్లలు నిజంగా అలా మాట్లాడుకోరనిపిస్తే వదిలేయండి.

పుస్తకం సైజు కూడా ఎవరికోసం రాశారో చెప్తుంది. బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలుంటాయి, 16 పేజీల ఫారాలు (ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచిన కట్టలు) రెండు అన్నమాట. మాటలు వెయ్యి లోపే. చిన్న అధ్యాయాల పుస్తకాలు సుమారు 5,000 నుంచి 15,000 మాటలు. ఎనిమిది నుంచి పన్నెండేళ్లవాళ్ల నవలలు 30,000 నుంచి 50,000, టీనేజ్ నవలలు 50,000 నుంచి 80,000. ఫాంటసీ ఈ లెక్కలు దాటేస్తుంది.

నిజంగా కొత్తదేనా అన్నది అట్ట చూస్తే తెలీదు. పాత పుస్తకానికి కొత్త అట్ట వేయడం రివాజే. లోపల ముద్రణ వివరాల పేజీలో ప్రథమ ముద్రణ ఏడాది చూడండి. చాలా ఇంగ్లీషు పుస్తకాల్లో అదే పేజీ అడుగున 1 నుంచి 10 దాకా అంకెల వరస ఉంటుంది. అందులో మిగిలిన అతి చిన్న అంకె ఎన్నో ముద్రణో చెప్తుంది: 4 ఉండి 1, 2, 3 లేకపోతే నాలుగో ముద్రణ. అయితే కొత్త ప్రచురణకర్త వేస్తే ఈ వరస మళ్లీ 1 నుంచి మొదలవుతుంది, అందుకే ఏడాదే ముఖ్యం. సిరీస్ అయితే ఎన్నో భాగమో కూడా చూడండి. మూడో భాగం మొదట చేతికిస్తే పాత్రలెవరో అర్థంకాక విసిగిపోతారు.

అట్ట మీద పతకం చూసి మోసపోకండి. అమెరికాలో 1922 నుంచి ఇస్తున్న న్యూబెరీ పతకానికి పద్నాలుగేళ్ల దాకా వయసున్న పిల్లల పుస్తకాలు అర్హం, కాబట్టి అది ఉన్నంత మాత్రాన తొమ్మిదేళ్ల వాడికి అందుతుందని లేదు. 1938లో మొదలైన కాల్డికాట్ పతకం పుస్తకంలోని బొమ్మలకి ఇచ్చేది. ఎంపిక చేసేది పెద్దలు, అదీ గుర్తుంచుకోవాలి.

మీ అమ్మాయి విషయం వేరు. పిల్లలు తమకంటే ఒకటి రెండేళ్లు పెద్ద పాత్రల గురించి చదవడానికి ఇష్టపడతారు కాబట్టి పదిహేను, పదహారేళ్ల కథానాయకి ఉన్నవి చూడండి. చిక్కేమిటంటే టీనేజ్ అన్న ఒక్క ముద్ర కింద పన్నెండు నుంచి పద్దెనిమిది దాకా కలిపేస్తారు. స్నేహితుల అలకల కథ, లైంగిక హింస కథ ఒకే అరలో ఉంటాయి. వెనక అట్ట మీది మాటలు చాలవు. మొదటి 30 పేజీలు, మధ్యలో 10, చివరి 20 మీరే చదవండి. చావు, మత్తు, ఆత్మహత్య లాంటి విషయం ఉందన్న భయంతో పుస్తకాన్ని తీసేయొద్దు. చివర్లో ఆ పాత్ర ఎవరితోనైనా చెప్పుకుందా, సాయం దొరికిందా అన్నది చూడండి. ఆత్మహత్యని పరిష్కారంలాగానో, ఎలా చేసుకుందో వివరంగానో చూపించే పుస్తకం మాత్రం ఇవ్వొద్దు. కొన్నిట్లో ముద్రణ వివరాల పేజీలోనో మొదట్లోనో హెచ్చరిక వేస్తారు, వెతకండి.

చదవడం మానేసిన టీనేజర్‌కి కవిత రూపంలో రాసిన నవల మంచి దారి. 300 పేజీలున్నా పేజీలో సగం ఖాళీయే, రెండు మూడు పూటల్లో అయిపోతుంది. గ్రాఫిక్ నవలలూ (కామిక్స్‌లా బొమ్మలతో నడిచే నవలలు) చదువే, దయచేసి "బొమ్మలు చూడటం" అనొద్దు.

ఇద్దరికీ ఒక్కొక్కటి కాకుండా మూడేసి తెచ్చి కనబడేచోట పెట్టండి, ఏది తీస్తారో వాళ్లిష్టం. 50 పేజీల తర్వాత నచ్చకపోతే మానేయొచ్చని ముందే చెప్పండి. మానేసినప్పుడు "ఎందుకు చదవలేదు" అని కాదు, "ఎక్కడ బోర్ కొట్టింది" అని అడగండి. వర్ణన దగ్గరంటే తర్వాతిది సంభాషణలు ఎక్కువున్నది తేవాలి, పేర్లు కలగాపులగం అయ్యాయంటే పాత్రలు తక్కువున్నది.