ఫోన్‌లో నిండిపోయిన వీడియోల గురించి మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఫోన్‌లో చోటు లేదని, బాబు అన్నప్రాశన వీడియోలను అందరికీ వాట్సాప్‌లో పంపేసి తుడిచేద్దామనుకుంటున్నానని రాశావు. తొందరపడకు. అసలు ప్రతులు రెండు చోట్ల భద్రంగా చేరిన తరువాతే తుడవడం గురించి ఆలోచించాలి.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో కుదించబడి వెళుతుంది కనుక, అమ్మమ్మ ఫోన్‌లో ఒక కాపీ ఉందన్న ధీమా పనికిరాదు. చేతిలోని తెరపై బాగానే కనిపించినా, టీవీలో వేసేసరికి ముఖాలు అలికినట్లుంటాయి. ముఖ్యమైనవాటిని డాక్యుమెంట్‌గా జతచేసి పంపితే, 2 జీబీ వరకు, తీసినది తీసినట్లే చేరుతుంది.

గూగుల్ ఫొటోస్ వాడుతున్నావు కనుక బ్యాకప్‌ను ‘ఒరిజినల్ క్వాలిటీ’లో పెట్టుకో. ఉచితంగా వచ్చే 15 జీబీలోనే జీమెయిల్, డ్రైవ్ కూడా సర్దుకోవాలి కనుక, 4కెలో, అంటే చాలా ఎక్కువ స్పష్టతతో పెద్ద ఫైళ్లుగా, తీసే అలవాటున్న నీకు అది ఎన్నాళ్లో చాలదు. ఇక్కడే చాలామంది పొరబడతారు: బ్యాకప్ అయిన వీడియోను ఆ యాప్‌లో డిలీట్ చేస్తే ఫోన్‌లోనిదే కాక క్లౌడ్‌లోనిదీ, అంటే గూగుల్ దగ్గర దాచినదీ, పోతుంది. ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది, ఆ తరువాత అదీ ఉండదు. ఫోన్ మాత్రమే ఖాళీ కావాలంటే ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కాలి.

రెండో ప్రతికి హార్డ్ డిస్క్ కొనుక్కో. కంప్యూటర్ ద్వారా ఎక్కించాక, కొన్నింటినైనా డిస్క్ నుంచే తెరిచి చివరిదాకా నడుస్తున్నాయో లేదో చూడు. ఫోల్డర్ పేర్లలో సంవత్సరం, నెల అంకెల్లో ముందు రాసి వేడుక పేరు తరువాత రాస్తే, అన్నీ వాటంతటవే వరుసలో నిలుస్తాయి. ఒకే హారతిని నలుగురు తీసిన నాలుగింటిలో మూడింటిని నిర్దాక్షిణ్యంగా తీసెయ్యవచ్చు. అసలు మన వేడుకల వీడియోల్లో సగం జనాల వీపులే.

పంచుకోకూడని వాటిని ఎవరడిగినా కాదనడానికి మాత్రం మొహమాటపడకు. బాబుకు నలుగు పెట్టి స్నానం చేయించిన వీడియోను బంధువుల గ్రూపులోనైనా పెట్టవద్దు, ఎందుకంటే అక్కడి నుంచి అది ఎవరి ఫోన్‌కు వెళుతుందో మన చేతిలో ఉండదు. ఆల్బమ్ లింకు పంపితే, ఆ లింకు చేతిలో పడిన ప్రతివారూ చూడగలరు. చుట్టాలు చూడడం అయ్యాక లింకును ఆపెయ్యి. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ కూడా తీసెయ్యి, లేకపోతే ఇల్లు ఎక్కడుందో వీడియో ఫైలులోనే నమోదవుతుంది.

హార్డ్ డిస్క్ నింపిన తరువాత, బావగారు ఇటు వచ్చేటప్పుడు ఆయన చేతికిచ్చి పంపు. ఫోనూ డిస్కూ ఒకే ఇంట్లో ఉండడం కంటే, డిస్క్ మా బీరువాలో ఉండడం మేలు.

ఇట్లు,
మావయ్య