ఇల్లు పంచుకునే మనిషిని ఎంచుకోవడం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రెండు పడగ్గదుల ఇల్లు తీసుకున్నాను. రెండో గదికి రూమ్మేట్ కావాలి. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "శుభ్రంగా ఉంటాను, ఇబ్బంది పెట్టను" అనే అంటున్నారు. ఎవరిని నమ్మాలి?

జవాబు: "శుభ్రంగా ఉంటారా?" అని అడిగితే ఉండనని ఎవరంటారు? అలాంటి ప్రశ్నలు మానేసి, జరిగిపోయిన వాటి గురించి అడగండి. ఇప్పుడుంటున్న ఇంట్లో బాత్రూం కడిగే వంతు ఎవరిది, కిందటిసారి ఎప్పుడు కడిగారు? కరెంటు బిల్లు ఎవరి పేరు మీద వస్తుంది, వాటాలు ఎలా వేసుకుంటారు? చేసే అలవాటున్నవాళ్లు తడుముకోరు, "ఆదివారం నేను, బుధవారం అతను" అని టక్కున చెప్పేస్తారు. "అందరం కలిసి చేసేసుకుంటాం" అన్నారంటే ఎవరో ఒకరే చేస్తున్నారన్నమాట. ఆ ఒకరు మీ ఎదుట కూర్చున్న మనిషి కాకపోవచ్చు.

వాళ్లు మిమ్మల్ని ఏమడుగుతున్నారో కూడా గమనించండి. గది చూసి, అద్దె ఎంతో కనుక్కుని, వైఫై ఉందా అని అడిగి వెళ్లిపోయేవారు కొందరు. సింకు కింద తలుపు తీసి, చెయ్యి పెట్టి చూసి, "ఇక్కడ తడిగా ఉంది, పైపు కారుతోందా?" అనేవారు కొందరు. చెత్త ఏ రోజు బయట పెట్టాలి, మీటరు ఎక్కడుంది అని అడిగారంటే ఇంతకుముందు ఇల్లు నడిపిన అనుభవం ఉన్నట్టే. మాట కాస్త కరుకైనా మేం వాళ్లవైపే మొగ్గుతాం.

ఆరా తీయాలంటే పాత ఇంటి యజమాని కంటే పాత రూమ్మేట్ నయం. యజమానికి అద్దె అందిందా లేదా అన్నదే తెలుస్తుంది, వంటగది సంగతి తెలియదు. పైగా ఇప్పటి యజమాని ఆ మనిషిని వదిలించుకోవాలనుకుంటుంటే పొగిడి మరీ సాగనంపుతాడు. అందుకని అంతకుముందు ఇంట్లో కలిసి ఉన్నవాళ్లను పట్టుకోండి. "అవకాశం ఉంటే మళ్లీ ఆ మనిషితో కలిసి ఉంటారా?" అని ఒక్క ముక్క అడగండి. జవాబు రావడానికి పట్టిన సమయం కూడా జవాబే.

గుర్తింపు పత్రం అసలుది చూడటం, ఉద్యోగమో చదువో ఎక్కడో కనుక్కోవడం ఎలాగూ తప్పదు. మర్చిపోయేది వేళల సంగతి. రాత్రి రెండింటిదాకా ఫోన్లో మాట్లాడే మనిషీ, పొద్దున్న ఐదింటికి లేచే మనిషీ ఇద్దరూ మంచివాళ్లే కావచ్చు, ఒక ఇంట్లో మాత్రం పొసగరు. ఇంటికొచ్చే స్నేహితుల విషయంలోనూ నెలకు ఎన్ని రాత్రులన్నది అంకెల్లో తేల్చుకోండి. "అప్పుడప్పుడు" అంటే ఒకరి లెక్కలో నెలకు రెండు, ఇంకొకరి లెక్కలో వారానికి నాలుగు.

ప్రశ్న: నా గది పెద్దది, ఏసీ కూడా ఉంది. అద్దె, కరెంటు ఎలా పంచుకోవాలి?

జవాబు: ఇల్లు మొత్తం 600 చదరపు అడుగులు, మీ గది 150, అవతలి గది 100 అనుకుందాం. గదుల కొలతే చూస్తే 60, 40 శాతం వస్తుంది. అది మీకు అన్యాయం, ఎందుకంటే హాలు, వంటగది ఇద్దరూ సమానంగా వాడుతున్నారు. మిగిలిన 350 అడుగుల్ని చెరిసగం చేసి ఒక్కో గదికి 175 కలపండి. 325, 275 అవుతాయి, అంటే సుమారు 54, 46 శాతం. మీ గదికి 40 అడుగుల అటాచ్డ్ బాత్రూం ఉంటే దాన్ని ఉమ్మడి నుంచి తీసి మీ గదిలో వేయాలి. అప్పుడు మీ వాటా 57.5 శాతం.

గాలి, వెలుతురు, రోడ్డు రొద ఏ టేపుకీ అందవు. వాటి మీద పేచీ వస్తే ఏ గదికి ఎంత అద్దో ఒకరు నిర్ణయించాలి, రెండోవారు నచ్చిన గది తీసుకోవాలి. తనకు ఏ గది మిగులుతుందో తెలియదు కనుక అద్దె నిర్ణయించేవారు పక్షపాతం చూపలేరు.

ఏసీ లైనుకు ఎలక్ట్రీషియన్ చేత సబ్‌మీటరు పెట్టించండి. నెలకు ఇంటి మొత్తం 240 యూనిట్లు, సబ్‌మీటరులో 90 అయితే మిగిలిన 150 చెరిసగం. మీవి 165, అవతలివారివి 75. అయితే వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే స్లాబు పద్ధతి ఉన్నచోట ఇదీ సరిపోదు. పై స్లాబుకు తీసుకెళ్లింది మీ ఏసీ, ఆ భారం పడేది ఇద్దరి మీద. అక్కడ 150 యూనిట్లకే అయితే బిల్లు ఎంత వచ్చేదో చూసి దాన్ని సగం చేయండి, పైదంతా మీదే.

ప్రశ్న: మధ్యలో ఖాళీ చేసి వెళ్లిపోతే? అడ్వాన్సు మాటేమిటి?

జవాబు: అగ్రిమెంటులో మీ ఒక్కరి పేరే ఉంటే, రూమ్మేట్ ఇవ్వకపోయినా యజమానికి మొత్తం అద్దె కట్టాల్సింది మీరే. మనిషిని చేర్చుకునే ముందు యజమాని అనుమతి రాతలో తీసుకోండి. ఇద్దరి పేర్లూ ఉండి, "ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులు" అన్న మాట ఉంటే మొత్తం బకాయి ఏ ఒక్కరినైనా అడగొచ్చు. సంతకం పెట్టేముందు ఆ వాక్యం వెతకండి.

మీ ఇద్దరి మధ్య వేరే కాగితం ఒకటి ఉండాలి. అద్దె వాటా మీ చేతికి అందాల్సిన తేదీ (యజమాని గడువుకు మూడు రోజుల ముందు పెట్టుకోండి), అడ్వాన్సులో ఎవరిదెంత, ఎన్ని రోజుల ముందు చెప్పి వెళ్లాలి, చెప్పకుండా వెళ్తే ఆ రోజుల అద్దె ఎవరిది. చేరిన రోజు మీటరు రీడింగు, గోడలు, సింకు, కిటికీలు ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి.

వెళ్లేవారి అడ్వాన్సును కొత్తగా వచ్చేవారు నేరుగా వాళ్ల చేతికిచ్చేయడం మామూలే. తప్పు జరిగేది అక్కడే. పాత మనిషి పగలగొట్టిన వాష్‌బేసిన్ ఖర్చు చివరికి కొత్తవారి అడ్వాన్సులోంచి పోతుంది. ముగ్గురూ కలిసి ఇల్లు ఓసారి తిరిగి చూసి, మరమ్మతు ఖర్చు తీసేశాకే మిగతాది చేతులు మారాలి.

ప్రశ్న: రాబోయేది నా ప్రాణస్నేహితుడే. ఇవన్నీ అవసరమా?

జవాబు: అతనితోనే ఎక్కువ అవసరం. కొత్త మనిషైతే అద్దె రెండు రోజులు ఆలస్యమైతే అడిగేస్తారు. స్నేహితుణ్ణి మూడు నెలలు అడగలేరు, ఆ తర్వాత అడిగే తీరు బాగుండదు. కాగితం అతని చేతే రాయించండి.